ఒంటిచేతి గడియ

“...టక్కుమన్నాది వదినా, నా సెవులార ఇన్నాను! కమ్మీ మూసినాను, టక్కుమన్నాది, అప్పుడే నీళ్లకి ఎల్లినాను.”

“టక్కుమంటే మా అమ్మ అరుగు కింద ఎలాగ పడ్డాదే? కోడి తోసీసినాదేటి?”

“కోడి తోసినాదని నేనన్నానేటి? కోడిని అదిలించడానికి అత్త పక్కకి వాలుంటాది అన్నాను.”

“వాలుతాది. వాలినా పడకూడదనే కదా కుర్సీకి పక్క కమ్మీ పెట్టింది! నువ్వు గడియ ఎయ్యలేదు. మూయడం మరిసిపోయినాను అనడానికి నీకు నోరు రాదు, అంతే.”

జగన్నాధం వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చెప్పులు విడిచి మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. పనిముట్ల సంచి భుజాన బరువుగా ఉంది. తిరిగి వెళ్లిపోదామా అనుకునేలోగా దేవేంద్ర చూడనే చూశాడు.

“రా మావా. నీ కోసమే సూస్తన్నాం.”

నెల్లిమర్లకు రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఇల్లు జగన్నాధానికి కొత్త కాదు. దేవేంద్ర తల్లి లక్ష్మణమ్మను అతను అక్క వరసన అప్పా అని పిలుస్తాడు. చుట్టరికం లేదు, పిలుపే చుట్టరికం. మూడేళ్ల కిందట ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట కూడా పోయి, ‘మరే’ అన్న ఒక్క మాట మిగిలింది. తొమ్మిది రోజుల కిందట అరుగు మీద చక్రాల కుర్చీలో కూర్చుని, చాప మీద ఎండబోసిన మినుములకు కాపలా కాస్తూ కింద పడింది. తుంటి ఎముక విరిగింది. విజయనగరంలో ఆపరేషను చేయించి నిన్ననే ఇంటికి తెచ్చారు. ఆ కబురు విని శృంగవరపుకోట నుంచి కూతురు శైలజ వచ్చింది. ఇప్పటిదాకా కోడలు భారతిని నిలదీస్తున్నది ఆమే.

కుర్చీ వసారా మూల ఉంది. దాని కుడి పక్కన చెయ్యి ఆనించుకునే కమ్మీ తెరుచుకుని గాలిలో వేలాడుతోంది. జగన్నాధం వంగి దాన్ని మూశాడు. టక్కుమంది. చేత్తో గుంజాడు. తెరుచుకుంది. మళ్లీ మూశాడు.

“అదిగో,” అంది భారతి. “అదే సప్పుడు.”

“అమ్మనే అడిగితే సరి,” అంది శైలజ. మంచం మీదకు వంగింది. “అమ్మా, భారతి గడియ ఎయ్యలేదు కదా?”

“మరే,” అంది లక్ష్మణమ్మ.

“అత్తా, నేను గడియ యేసినాను కదా?”

“మరే.”

దేవేంద్ర విసుగ్గా తల పట్టుకున్నాడు. “సాల్లే, ఆవిడ్ని పీక్కుతినకండి. మావా, ఆ గడియ సరిసేసినోడివి నువ్వు. నువ్వు సెప్పు. గడియ పడిన కమ్మీ దానంతటది తెరుసుకుంటాదేటి?”

ముగ్గురూ అతనివైపు చూశారు. జగన్నాధం బొటనవేలితో గడియ పిన్ను కొన తడిమాడు. నున్నగా తగిలింది. మూడేళ్ల కిందట తాను వదిలిపెట్టినప్పటికంటే నున్నగా, ఏటవాలుగా తగిలింది. అతని వేలు అక్కడే ఆగింది.

“గడియ పడకపోతే తెరుసుకుంటాది,” అన్నాడు.

దేవేంద్ర అడిగింది అది కాదు. అతను చెప్పింది అబద్ధమూ కాదు. “ఇన్నావా?” అంది శైలజ. భారతి జగన్నాధం మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఏదో మరిచిపోయినదానిలా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక కుర్చీ వద్దని దేవేంద్ర నిర్ణయించుకున్నాడు. తల దగ్గర లేపితే కుర్చీలా కూర్చోబెట్టేది, దింపితే పడుకోబెట్టేది, రెండు పక్కలా మూసుకునే కమ్మీలున్న మంచం ఒకటి చేసిపెట్టమన్నాడు. జగన్నాధం టేపు తీసి కొలతలు రాసుకున్నాడు. రాసిన అంకె సరో కాదో అని మూడుసార్లు కొలిచాడు. వెళ్లేటప్పుడు, “ఈ కుర్సీ ఓ పాలి సూసి తెస్తాను,” అని దాన్ని ఆటోలో వేసుకున్నాడు.

*

జగన్నాధానికి యాభై తొమ్మిదేళ్లు. పంతొమ్మిదో ఏట ఒక చిన్న జూట్ మిల్లులో ఫిట్టరుగా చేరాడు. అందరికీ తెలిసిన పెద్ద మిల్లు కాదు. అది మూతపడి చాలాకాలమైంది, దాని పేరు కూడా ఇప్పుడు ఎవరూ తలుచుకోరు. అక్కడ యంత్రాల పళ్లచక్రాలకు ఇనప జాలీ తలుపులు ఉండేవి. వాటి గడియ తియ్యాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో నొక్కిపెట్టి, రెండో చేత్తో లాగాలి. నార తెగినప్పుడల్లా, చిక్కు పడినప్పుడల్లా అలా తీస్తూ కూర్చుంటే యంత్రం ఆగిపోతుంది, సూపర్‌వైజరు కేకలు వేస్తాడు. అందుకని ఫిట్టర్లు గడియ నాలుకను ఆకురాయితో ఏటవాలుగా అరగదీసేవారు. అప్పుడు ఒంటిచేత్తో ఒక్క గుంజు గుంజితే తలుపు తెరుచుకునేది, వదిలేస్తే టక్కున పడేది. కొత్తగా చేరిన ఫిట్టరుకు మొదటి వారంలో నేర్పే పని అది. ఎంత అరగదియ్యాలో చేతికి తెలియాలి. ఎక్కువ తీస్తే నిలవదు, తక్కువ తీస్తే గుంజినా రాదు. ఎవరు చేశారని అడిగేవారు లేరు, నేను చేశానని చెప్పేవారూ లేరు.

ఒకసారి యంత్రం అదురుకు అలాంటి తలుపు దానంతటదే తెరుచుకుంది. నూలు చుట్టే బాబిన్లు మార్చే నాగబాబు చెయ్యి లోపలికి పోయింది. రెండు వేళ్లు తెగిపోయాయి. కార్మికుడు అజాగ్రత్తగా తలుపు మూయకపోవడం వల్ల అని కాగితం రాశారు. ముగ్గురు ఫిట్టర్లు సాక్షి సంతకాలు పెట్టారు. రెండో సంతకం జగన్నాధానిది. గడియ అరగదీసిన చెయ్యీ అతనిదే.

మూసే ఉంచాను అని నాగబాబు మొదట్లో అన్నాడు. నెల తిరిగేసరికి, మూయలేదేమో అన్నాడు. ఆ తర్వాత, మూయలేదు, నా కర్మ అన్నాడు. ఇప్పటికీ టీ కొట్టు దగ్గర మూడు వేళ్లతో గ్లాసు పట్టుకుని జగన్నాధాన్ని చూస్తే జరిగి చోటిస్తాడు.

మిల్లు మూతపడ్డాక జగన్నాధం నెల్లిమర్లలో వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసేవాడు. లక్ష్మణమ్మకు కుర్చీ వచ్చిన వారానికి భారతి దాన్ని ఆటోలో వేసుకుని షాపుకు వచ్చింది. ఆ కుర్చీ పక్క కమ్మీ వెనక బందుల మీద గేటులా బయటికి తెరుచుకునే రకం. మంచం పక్కన పెట్టి కమ్మీ తెరిస్తే మనిషిని పక్కకు జరిపి కూర్చోబెట్టవచ్చు. కాని గడియకు మిల్లు తలుపులాగే రెండు చేతులూ కావాలి.

“నాకు ఉన్నవి రెండు సేతులే బాబాయ్,” అంది ఆ రోజు భారతి. “ఒకటి అత్తని పట్టుకోడానికి. మిగిలిన ఒక్కదానికి ఈ గడియ లొంగదు. పోనీ పళ్లతో తియ్యమంటావేటి?”

జగన్నాధం నవ్వాడు. పిన్ను ఊడదీసి ఆకురాయి అందుకున్నాడు. పది నిమిషాలు పట్టలేదు. భారతి ఒంటిచేత్తో గుంజి చూసి, మూసి, మళ్లీ గుంజి చూసి, చిన్నపిల్లలా ఇంకోసారి మూసింది. “టక్కుమంటే పడినట్టే,” అని అతను నేర్పాడు. ఆమె ఊళ్లో చెప్పింది. ఆ నోటా ఈ నోటా విని మరో పది కుర్చీలు వచ్చాయి. అందులో ఒకటి నాగబాబు భార్యది. అందరూ మెచ్చుకుంటుంటే జగన్నాధానికి కొంచెం గర్వంగా కూడా ఉండేది. మిల్లులో దాచుకోవలసిన పనితనం ఇక్కడ పదిమందికీ పనికొచ్చిందనుకున్నాడు.

గుంజితే తెరుచుకునేది వాలినా తెరుచుకుంటుందని అతనికి తట్టలేదు. మిల్లు తలుపు మీద ఎవరూ ఒరిగి కూర్చోరు.

*

షాపులో ఆ మధ్యాహ్నం కుర్చీని మధ్యలో పెట్టి అందులో తనే కూర్చున్నాడు. కమ్మీ మూశాడు. టక్కుమంది. కుడివైపుకు ఒరిగాడు. ఏమీ కాలేదు. ప్రాణం కుదుటపడినట్టయింది. మళ్లీ ఒరిగాడు. ఈసారి ఎదురుగా చాప ఉన్నట్టు, దాని మీద కోడి వాలినట్టు, చేతిలో కర్ర ఉన్నట్టు, ఒళ్లంతా కమ్మీ మీద వేసి చెయ్యి చాచాడు. కమ్మీ చప్పుడు లేకుండా తెరుచుకుంది. అతను మోచేతి మీద నేలకు పడ్డాడు. ఇనప రజను చేతికి గుచ్చుకుంది.

క్యారేజీతో గుమ్మంలోకి వచ్చిన దాలమ్మ మొగుణ్ణి అలా చూసి నిలబడిపోయింది.

“ఏటది? అరవయ్యేళ్లు వస్తన్నాయి, కుర్సీలో ఊగులాటలేటి?”

“మూసే పడ్డాను దాలమ్మా.”

“ఏటి మూసి?”

“గడియ. గడియ పడే ఉన్నాది. వాలితే తెరుసుకున్నాది.”

దాలమ్మ క్యారేజీ కింద పెట్టింది. కుర్చీ వైపు చూసింది, అతని వైపు చూసింది. ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

“మరి ఆ పిల్లని అంతలేసి మాటలంటన్నారంట కదా. బోరు కాడ ఎవుల నోట ఇన్నా అదే ముచ్చట. అత్తని పడదోసినాదని కూడా అంటన్నారు.”

“తెలుసు.”

“తెలిస్తే కూకున్నావేటి? లెగు, ఎల్లి సెప్పు.”

“సెప్తాను. మంచం ఇవ్వడానికి ఎల్లినప్పుడు సెప్తాను.”

“మంచం ఇంకా తయారవలేదు. నోరు నీ కాడే ఉన్నాది కదా,” అంది దాలమ్మ. అన్నం గిన్నె విప్పి అతని ముందు పెట్టి, తినేదాకా ఉండకుండా వెళ్లిపోయింది.

మంచానికి ఎనిమిది రోజులు తీసుకున్నాడు. అయిదు రోజుల పని అది. తల దగ్గర పలక లేచి దిగడానికి మరతిప్పు పెట్టాడు. పక్క కమ్మీలకు కొత్త పిన్నులు తనే తయారు చేశాడు. చుట్టూ అంచు చెదరకుండా, ఎక్కడా ఏటవాలు లేకుండా, తిన్నగా నిలబడే పిన్నులు. ఒక చేత్తో మీట నొక్కి పట్టుకుని రెండో చేత్తో ఎత్తితే తప్ప రావు. అవి బిగించాక మంచం ఎక్కి, రెండు పక్కలకూ పడి పడి చూశాడు. రంగు వేశాడు. ఆరాక బాగుండలేదని మళ్లీ వేశాడు. దేవేంద్ర ఫోను చేసినప్పుడల్లా గొంతు సవరించుకునేవాడు. ఇప్పుడు చెబుదాం అనుకునేవాడు. “ఎంతవరకొచ్చింది మావా?” అని అవతల వినిపించగానే, “ఇంకో రెండ్రోజులు,” అనేవాడు. ఫోను పెట్టేశాక కుర్చీ మీద గుడ్డ కప్పేవాడు. గుడ్డ జారిపోతే మళ్లీ సర్దేవాడు.

నాలుగో రోజున టీ కొట్టు దగ్గర నాగబాబు జరిగి చోటిచ్చాడు. జగన్నాధం పని ఉందని చెప్పి నిలబడే తాగి వచ్చేశాడు.

*

ఆదివారం పొద్దున్న మంచాన్నీ కుర్చీనీ ట్రాలీ ఆటోలో వేయించుకుని వెళ్లాడు. దేవేంద్ర, ఆటో అతనూ కలిసి మంచం దింపి వసారాలో కిటికీ పక్కన వేశారు. దుప్పటి పరిచి లక్ష్మణమ్మను పడుకోబెట్టారు. జగన్నాధం మరతిప్పు నెమ్మదిగా తిప్పాడు. ఆమె తల, భుజాలు, వీపు లేచాయి. పదిహేడు రోజుల తర్వాత వీధి కనబడింది.

“మరే,” అంది ఆమె. కుడి చెయ్యి చాచి జగన్నాధం మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. అతను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

“ఇలా రామ్మా,” అని భారతిని పిలిచాడు. “కమ్మీ ఎలాగ తియ్యాలో సూపిస్తాను. ఈ మీట నొక్కి పట్టుకోవాల. రెండో సేత్తో ఎత్తాల.”

భారతి మీట నొక్కింది. వేలి కొన తెల్లబడింది. రెండోసారికి కమ్మీ లేచింది. ఈ పదిహేను రోజుల్లో ఆమె బాగా చిక్కిపోయింది. మునుపటిలా పళ్లతో తియ్యమంటావా అని అడగలేదు.

“గట్టిగా ఉన్నాది బాబాయ్.”

“గట్టిగానే ఉండాల.”

ఆమె కమ్మీ మూసింది. తల దించుకునే ఉంది. “నాకోసమే కదా ఇలాగ సేసినావు? నేను సరిగ్గా మూయను అనీసి.”

జగన్నాధం నోరు తెరిచాడు. శైలజ ముందే అందుకుంది.

“నీకోసం కాకపోతే మా అమ్మ తియ్యమందేటి? మావకి తెలిసినాది, అందుకే సేసినాడు.” తమ్ముడి వైపు తిరిగింది. “ఒరే, ఇప్పుడే సెప్తన్నాను. కుట్లు మానినాక అమ్మని కోటకి, మా ఇంటికి తీసుకుపోతాను. ఈ మంచం కూడా అక్కడికే. ఈవిడి సేతుల్లో ఒగ్గీసి నేను అక్కడ నిద్దరపోలేను.”

భారతి అత్త దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా అంది:

“నేను మూయలేదేమో వదినా.”

“ఏటి?”

“టక్కుమన్నది ఆ రోజు కాదేమో. ముందురోజు ఇన్న సప్పుడేమో. రోజూ ఇన్నదే కదా. ఎంత తలుసుకున్నా ఇప్పుడు నాకే తెలీడం నేదు. మూయలేదేమో. మీరందరూ అంటన్నారు కదా, మూసుండను.”

దేవేంద్ర పెద్దగా ఊపిరి వదిలాడు. “ఆ మాట ఆ రోజే అనుంటే ఇంత గొడవ ఉండీది కాదు కదా,” అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. తేలికపడినట్టుంది.

జగన్నాధం గోడ పక్కనున్న కుర్చీని వసారా మధ్యకు లాక్కొచ్చాడు. దానికి అతను ఏ మరమ్మతూ చెయ్యలేదు. తీసుకువెళ్లినది తీసుకువెళ్లినట్టే ఉంది. అందులో కూర్చున్నాడు.

“శైలజా, ఆ కమ్మీ నువ్వు మూయమ్మా.”

“నేనెందుకు మావా?”

“నువ్వే మూయాల. బాగా మూయి.”

ఆమె విడ్డూరంగా చూస్తూ వచ్చి మూసింది. టక్కుమంది.

“పడినాదా?”

“పడినాది.”

“గుంజి సూడకు. నొక్కి సూడు.”

నొక్కి చూసింది. “పడినాది మావా, ఇన్నాం కదా.”

జగన్నాధం చెయ్యి చాచి, ఒళ్లంతా కుడివైపుకు వేశాడు. మొదటిసారి కమ్మీ నిలబడింది. రెండోసారి తెరుచుకుంది. అతను శైలజ కాళ్ల దగ్గర పడ్డాడు. మానుతున్న మోచెయ్యి మళ్లీ చీరుకుంది. దేవేంద్ర లేపబోతే వద్దన్నాడు. పడినచోటే మోకాళ్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి చూస్తే మంచం మీద లక్ష్మణమ్మ మొహం అతనికి సరిగ్గా ఎదురుగా ఉంది.

“భారతి మూసే ఎల్లినాది,” అన్నాడు. “ఈ పిన్నుని ఏటవాలుగా అరగదీసినోణ్ని నేను. మూడేళ్లకి ఇంకా అరిగిపోనాది. ఆ రోజు దేవేంద్ర అడిగినప్పుడే నా ఏలికి తగిలినాది. తగిలినా సెప్పలేదు.”

అరుగు మీద కోడి ఒకటి గింజలు ఏరుకుంటోంది.

“ఎందుకు సెప్పలేదు మావా?” అంది శైలజ. ఆమె గొంతు మారిపోయింది. “నేను దీన్ని ఎన్నెన్ని మాటలన్నానో నువ్వు ఇన్నావు కదా. గుమ్మం కాడ నిలబడి ఇన్నావు.”

“ఇన్నాను.”

“మరి?”

జగన్నాధం బొటనవేలు మళ్లీ పిన్ను కొన మీద పెట్టాడు.

“ఒంటిసేత్తో వచ్చేలాగ సెయ్యమని నేనే కదా అడిగినాను బాబాయ్,” అంది భారతి. ఆమె కళ్లు తుడుచుకోలేదు. అతన్ని చూడనూ లేదు, తెరుచుకుని వేలాడుతున్న కమ్మీని చూస్తోంది.

“నువ్వు అడుగుతావు. నీకు ఉన్నవి రెండు సేతులే. కుదరదని సెప్పాల్సినోణ్ని నేను.”

“మరే,” అంది లక్ష్మణమ్మ.

దేవేంద్ర గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. జగన్నాధం కుర్చీ చక్రం పట్టుకుని లేచాడు. చొక్కా చేతికి రక్తం అంటింది. వంగి పిన్ను ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

“ఇలాంటివి ఇంకా పది కుర్సీలు ఉన్నాయి. అన్నీ నేను అరగదీసినవే. ఇంటింటికీ ఎల్లి, ఇక్కడ సెప్పినట్టే సెప్పి, కొత్త పిన్నులు బిగిస్తాను. రేపు పొద్దున్న ముందు నాగబాబు ఇంటికి ఎల్తాను. ఆడికి సెప్పాల్సింది కుర్సీ గురించి ఒకటే కాదు.”